సెల్: గదా, కణమా?

ఇంగ్లీషు ‘సెల్’కు మూలం లాటిన్ ‘సెల్లా’. అంటే చిన్న గది. ధాన్యం దాచే కొట్టూ సెల్లాయే, రోమన్ ఆలయంలో విగ్రహం ఉండే గర్భగృహమూ సెల్లాయే. దాచు, కప్పు అనే అర్థాలున్న ప్రాచీన ఇండో-యూరోపియన్ ధాతువు దీనికి పుట్టిల్లు. హాల్, హెల్మెట్, చివరికి నరకాన్ని చెప్పే హెల్ కూడా ఆ ఇంటి బిడ్డలే. మన ‘శాల’నూ ఆ కుటుంబంలోనే చేర్చే నిరుక్తవేత్తలున్నారు.

ఇంగ్లీషులోకి ఈ మాట క్రైస్తవ మఠాల మీదుగా వచ్చింది. సన్యాసి గది, ఖైదీ గది, తేనెపట్టులోని అర, అన్నీ సెల్లులే. 1665లో రాబర్ట్ హుక్ ‘మైక్రోగ్రాఫియా’లో పలుచటి బెండు ముక్కను సూక్ష్మదర్శినితో పరీక్షించిన వైనం రాశాడు. తేనెపట్టును తలపించే ఆ ఖాళీ అరలకు సెల్ అన్న మాట వాడాడు. ఘన అంగుళానికి నూట ఇరవై కోట్లకు పైగా ఉంటాయని లెక్క కూడా కట్టాడు. నిజానికి ఆయన చూసినవి చచ్చిన గోడలు; లోపల కాపురమున్న జీవం ఎప్పుడో పోయింది. 1838, 39లలో ష్లైడెన్, ష్వాన్ జీవులన్నిటికీ సెల్లే మూలమన్నారు. 1858లో విర్షో రోగాన్ని కూడా అక్కడే వెతకమన్నాడు. గదిలో ఉన్నదానికి గది పేరే స్థిరపడిపోయింది.

చేతిలో మోగే సెల్ కూడా తేనెపట్టు బంధువే. 1947లో బెల్ ల్యాబ్స్‌లో ఊరిని షడ్భుజాలుగా విభజించి రేడియో ఫోన్లు నడపాలని ప్రతిపాదించారు. ఆ ఒక్కొక్క విభాగం సెల్. ఇంగ్లండు వాళ్ళు మొబైల్ అంటారు. మనం అమెరికా వాళ్ళతో పాటు సెల్ అన్నాం.

ఇక తెలుగు సంగతి. హిందీవారు ‘కోశిక’ అని ఒరను, సంచిని స్ఫురింపజేశారు. మనం ‘కణం’ అన్నాం. కణమంటే నలుసు. భౌతికశాస్త్రంలో ఎలక్ట్రానూ కణమే. పైగా పరమాణువుకూ జీవకణానికీ కూడా ‘కేంద్రకం’ అనే పెట్టుకున్నాం. ఇక ‘కణకవచం’ అన్నప్పుడు పిల్లవాడికి కలిగే సందేహం న్యాయమైనదే: నలుసుకు కవచమేమిటి? ‘క్యాన్సర్ కణం’ అని వైద్యుడు చెబితే, కంట్లో పడ్డ నలుసులాంటి పరాయి వస్తువేదో ఒంట్లో చేరిందని రోగి అనుకునే ప్రమాదముంది. తన దేహంలోని గదే హద్దు మీరి గదుల్ని కంటోందన్న ఊహ ఆ మాటలో లేదు.

అయితే రక్తం విషయంలో తెలుగు మాటే నయం. ప్లాస్మాలో కొట్టుకుపోయే, కేంద్రకం కూడా లేని ఎర్ర కణాన్ని గది అనడమే వింత. స్ప్రెడ్‌షీట్ సెల్‌కు ‘గడి’ అనడం అంతకన్నా బాగా కుదిరింది.

కణాన్ని ఇప్పుడు మార్చలేం, మార్చనక్కరలేదు కూడా. పాఠ్యపుస్తకంలో ఆ మాట మొదటిసారి వచ్చిన చోట, పక్కన తేనెపట్టు బొమ్మ వేసి, హుక్ చూసినవి అరలని ఒక్క వాక్యం రాస్తే చాలు.