పచ్చబొట్టు: పొడిచిన చెయ్యి ఎవరిది?

మన ఆదివాసీ కవితల్లో, వ్యాసాల్లో పచ్చబొట్టు తరచుగా కనిపిస్తుంది. అవ్వ ముంజేతి చుక్కలు మన అస్తిత్వమనీ, చదువుకున్న ఆడపిల్లలు వాటిని వదిలేసి సంస్కృతిని మరిచారనీ రాస్తుంటారు. రాసేవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లు. వాళ్ల చేతుల మీద ఆ చుక్కలుండవు.

ఈ రాతల్లో మాకు కనబడే లోపం ఒకటుంది. అవి గుర్తును చూస్తాయి, గుర్తు పడిన తీరును చూడవు. మా ఆదిలాబాద్ వైపు గోండు ఆడవాళ్లకు పచ్చబొట్లు పొడవడంలో తోటి తెగ ఆడవాళ్లది ఆరితేరిన చెయ్యి. మగవాళ్లు కీక్రి వాయిస్తూ గోండుల వంశగాథలు పాడితే, ఆడవాళ్లు మసిని తడిపి, సూదులు కట్టగట్టి గుచ్చి, పైన పసుపు రాసేవారు. అది వాళ్ల బతుకుతెరువు కూడా. కీక్రి గురించి ఎన్నో వ్యాసాలొచ్చాయి. సూది పట్టిన చెయ్యి గురించి ఎన్ని వచ్చాయి?

పొడిపించుకున్న అవ్వలను అడగండి. ఎవరు కాళ్లూ చేతులూ పట్టుకున్నారో, ఎన్నాళ్లు వాచిందో ముందు చెబుతారు. చచ్చాక వెంట వచ్చే నగ ఇదొక్కటే అని ఆ తరువాత మురిసిపోతారు. రెండూ నిజాలే. మనవాళ్లు రెండోదాన్ని కవిత్వంలోకి తీసుకుని మొదటిదాన్ని ఊళ్లోనే వదిలేశారు. చిన్నతనంలో పొడిచారు కాబట్టి ఆ పిల్ల ఇష్టాన్ని అడిగినవాళ్లు తక్కువ. ఇప్పుడు మన కాలేజీ పిల్ల ఆలోచించి వద్దంటే, అది మరుపు కాదు, నిర్ణయం. కావాలన్నా అంతే.

కావాలనుకునే పిల్లలు మాత్రం కొన్ని సంగతులు చూసుకోవాలి. జాతరలో మిషన్ పెట్టుకుని కూర్చున్నవాడు ఒకే సూదితో పదిమందికి పొడిస్తే హెపటైటిస్-బి, హెచ్‌ఐవి రావచ్చు. కొత్త సూదిని మీ కళ్లముందే విప్పమనండి, రంగు కూడా వేరే గిన్నెలో పోయమనండి. పొడిపించుకున్నాక ఏడాదిపాటు రక్తం ఇవ్వకూడదు. సికిల్ సెల్ ఉన్న మన ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు. సైన్యంలో చేరాలనుకునే అబ్బాయిలు మరీ జాగ్రత్త. మోచేతి నుంచి మణికట్టు వరకు లోపలి వైపు, అరచేతి వెనుక మాత్రమే అనుమతి. తెగ ఆచారంగా ఉన్న గుర్తులను వేరే చోట ఉన్నా విడిగా పరిశీలిస్తారు. భుజం మీది సినిమా హీరో ఏ తెగ ఆచారమని చెబుతారు?

గోండు అబ్బాయిలెవరైనా ఇంటిపేరును గుంజాల లిపిలో పొడిపించుకుంటామంటే మాకు సంతోషమే. 2018లో యూనికోడ్‌లో చేరిన లిపి అది, ఫోన్‌లోంచి చూసి దింపవచ్చు. కానీ మిషన్ పట్టినవాడికి ఆ అక్షరాలు రావు. లిపి వచ్చిన పెద్దలకు ముందు కాగితం మీద రాసి చూపించండి. పలక మీద తప్పయితే తుడిచేయిస్తాం, చేతి మీద తప్పును మేమూ దిద్దలేం.

ఆడపిల్ల ఒంటి మీదే సంస్కృతి ఉండాలనే వ్యాసం ఇంకొకటి మాకు అక్కర్లేదు. వచ్చే సంకలనంలో పచ్చబొట్టు మీద రాసేవాళ్లు ఒక తోటి అవ్వ దగ్గర కూర్చుని, ఏ గుర్తును ఆమె ఏమని పిలుస్తుందో, ఎవరి దగ్గర నేర్చుకుందో, పొడిచినందుకు ఏమిచ్చేవారో అడిగి రాయండి.