టోపీ, గడ్డం, లాంతరు

రంజాన్ నెల వచ్చిందంటే ఊరూరా ఒకటే పోస్టర్. ముదురు నీలం ఆకాశం, సన్నటి నెలవంక, నాలుగు మినార్లు, గొలుసులకు వేలాడే ఇత్తడి లాంతర్లు, పళ్ళెంలో ఖర్జూరాలు. ఎమ్మెల్యే ఫ్లెక్సీలో అదే, ఆయన మీద ఓడిపోయినాయన ఫ్లెక్సీలో అదే, మసీదు కమిటీ ఇఫ్తార్ కార్డు మీద అదే. ఆఖరికి ముస్లిం రచయితల సభ కరపత్రం మీద కూడా అదే. ఆ లాంతరు ఎక్కడిది? ఈజిప్టుది. కైరో వీధుల్లో రంజాన్‌కు వేలాడదీసే ఫానూస్. కైరో వాళ్ళకు అది ముచ్చట. కడపలోనో కరీంనగర్‌లోనో మన తాతల్లో ఎవరు వెలిగించారు దాన్ని?

ఇదంతా ఎవరో కుట్ర పన్ని చేసింది కాదు. తొందర చేయించిన పని. 2013లో ఆస్ట్రేలియా నుంచి మొదలైన కాన్వా లాంటి సాధనాలు బొమ్మ గీయడం రానివాడికి కూడా పోస్టర్ వేసే వీలు కల్పించాయి. తయారు నమూనాలు, తయారు ఫోటోలు. ఉచిత ఫోటోల గోదాములైన పెక్సెల్స్, పిక్సాబేలను 2019లో కాన్వాయే కొనేసింది. ఒక్క మాట కొడితే వందల బొమ్మలు ముందుకొస్తాయి. ఆర్టిస్టుకు ఇవ్వడానికి పైసా లేని చిన్న సంఘాలకు, జిల్లా పత్రికలకు ఇది పెద్ద ఆసరా. దీన్ని ఎగతాళి చేసే హక్కు నాకు లేదు. సాయంత్రం సభకు మధ్యాహ్నం పోస్టర్ వేసే కుర్రాడి కష్టం నాకు తెలుసు.

అయితే ఆ పెట్టెలో 'ముస్లిం' అని కొట్టి చూడండి. తెల్ల జుబ్బా, టోపీ, గడ్డం, ఎత్తిన దోసిళ్ళు. స్త్రీ అయితే రెండే రకాలు. కళ్ళు మాత్రమే కనిపించే నల్ల నఖాబ్, లేదంటే ఏ గల్ఫ్ ఆఫీసులోనో రంగు హిజాబ్ కట్టి లాప్‌టాప్ ముందు నవ్వే అమ్మాయి. మొదటామెను చూస్తే జాలిపడాలి, రెండో ఆమెను చూస్తే మెచ్చుకోవాలి. నిజామాబాద్‌లో చాటలో ఆకు పెట్టుకుని బీడీలు చుట్టే ఖాలా ఆ పెట్టెలో లేదు. చీరకొంగు తలమీదికి లాక్కుని సంతకు పోయే దూదేకులామె లేదు. పొద్దున్నే సైకిల్ మీద పాతసామాన్లకు తిరిగే భాయ్ లేడు. లుంగీ కట్టిన ముస్లిమే లేడు! ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2007లో బీసీ-ఇ కింద 14 ముస్లిం వర్గాలను జాబితా కట్టింది. అత్తరు సాయిబులు, ఫకీర్లు, గారడీ వాళ్ళు, హజాంలు అందులో ఉన్నారు. దూదేకులవాళ్ళు అంతకుముందే బీసీ-బీలో ఉన్నారు. సర్కారు దఫ్తరుకు తెలిసినన్ని తేడాలు కూడా ఈ పెట్టెకు తెలియవు.

ఎందుకిలా? ఫోటో తీసినవాడే దానికి మాటలు తగిలిస్తాడు: ముస్లిం, ప్రార్థన, మసీదు, అరబ్. ఆ మాటలతోనే బొమ్మ దొరుకుతుంది. ఎక్కువమంది దించుకున్న బొమ్మ పైకొస్తుంది. పైనున్నది మరింతమంది దించుకుంటారు. అమ్ముడుపోయేది ఏదో కనిపెట్టిన ఫోటోగ్రాఫర్ మళ్ళీ అదే తీస్తాడు. మూస ఇలా తనను తాను పోషించుకుంటుంది.

మనుషుల్ని రకాలుగా తీసి అట్టిపెట్టడం కొత్తేమీ కాదు. 1857 తిరుగుబాటు అణిగాక ఇంగ్లీషువాళ్ళు 1868 నుంచి 1875 దాకా 'ద పీపుల్ ఆఫ్ ఇండియా' పేరుతో ఎనిమిది సంపుటాల ఫోటోలు అచ్చేశారు. ఒక్కో ఫోటో పక్కన ఆ కులం ఎలాంటిది, నమ్మదగిందా కాదా అని వ్యాఖ్యానం. మనిషి పేరు చాలాచోట్ల ఉండదు, రకం పేరే ఉంటుంది. స్టాక్ ఫోటో కూడా అదే చేస్తుంది. పేరుండదు, ఊరుండదు. అందుకే దాన్ని దేనికైనా అతికించవచ్చు. అమ్మకానికి పనికొచ్చేది ఆ గుణమే, మనకు ప్రమాదమూ అదే.

2020 మార్చి నెలాఖరులో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ వ్యవహారం బయటికొచ్చాక ఏం జరిగిందో గుర్తుందా? మర్కజ్‌తో ఏ సంబంధమూ లేని కరోనా వార్తల పక్కన కూడా టోపీలు, బుర్ఖాలు ప్రత్యక్షమయ్యాయి. జనాభా పెరుగుదల మీద వ్యాసమా, బుర్ఖాలో తల్లీ చంకలో బిడ్డా. ఉగ్రవాదమా, టోపీ నీడ. శీర్షికలో అనడానికి జంకే మాటను బొమ్మ అనేస్తుంది. అడిగితే 'ప్రతీకాత్మక చిత్రం' అని కింద చిన్నక్షరాలు చూపిస్తారు. ఫోటోలోని మనిషి పరువు తీసేలా వాడకూడదని లైసెన్సుల్లో షరతులు ఉంటాయి. మంచిదే. ఆ మనిషి ఒక్కడి పరువుకు అది అడ్డం పడవచ్చు. ఆ టోపీ పెట్టుకునే లక్షలమంది ఏ లైసెన్సులోనూ కక్షిదారులు కారు.

వాళ్ళ సంగతి సరే. మన పోస్టర్లు మనమే వేసుకుంటున్నాం కదా, మనకేమైంది? మొహర్రం వస్తుంది. కర్బలా శోకదినానికి మెరుపుల చుట్టు గీసి 'మొహర్రం శుభాకాంక్షలు' అని మనవాళ్ళే పంపుతున్నారు, నమూనా తయారుగా ఉంది కాబట్టి. అదే నెలలో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువు నీళ్ళలో నిలబడి ముస్లింలూ హిందువులూ కోరికల రొట్టెలు మార్చుకుంటారు. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్ళాయిస్వామి పీరు ముందు జనం నిప్పుల గుండం తొక్కుతారు. తెలంగాణ పల్లెల్లో అలావా చుట్టూ ఎగిరేవాళ్ళలో ఎంతమంది సాయిబులు, ఎంతమంది మాలమాదిగలు, ఎవరు లెక్కపెట్టారు? ఈ మొహర్రం ఆ నమూనాల్లో లేదు. మక్కా ఆకాశం, ఎడారి, ఒంటె మాత్రం ఉన్నాయి. మేం ఇక్కడి మట్టివాళ్ళం అని తెలుగులో ముప్పై ఏళ్ళకు పైగా కవిత్వం రాస్తున్నాం. ఆ కవితా సంకలనాల సభకే ఒంటె బొమ్మ వేస్తున్నాం. 'పరాయివాళ్ళు' అనేవాడికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

అయితే మన ఫోటోలను మనమే ఆ గోదాముల్లోకి ఎక్కించాలనే మిత్రులున్నారు. 2017లో అమెరికాలో ముస్లింగర్ల్ అనే పత్రిక గెట్టీ ఇమేజెస్‌తో కలిసి ముస్లిం స్త్రీల ఫోటోల సేకరణ పెట్టింది. అక్కడికి అది మేలే. కానీ బీడీలు చుట్టే ఖాలా ఫోటో గోదాములోకి పోవాలంటే ఆమె ఒప్పుదల కాగితం మీద సంతకం చేయాలి. ఆ తర్వాత ఆమె ముఖం ఏ దేశంలో, ఏ ప్రకటనలో, ఏ 'వెనుకబాటుతనం' వ్యాసంలో వాడతారో ఆమెకు ఎవరు చెబుతారు? ఇంగ్లీషులో ఉన్న ఆ కాగితాన్ని చదివి వినిపించేదెవరు? ఈ పద్ధతి నాకు మనసొప్పడం లేదు.

పోస్టర్ వేసే కుర్రాళ్ళను నేను అడిగేది చిన్నది. సాధనం వాడండి, అక్షరాలూ రంగులూ అందులోవే తీసుకోండి. ఫోటో మాత్రం మీ ఫోన్‌లోది పెట్టండి. ఎవరిని తీస్తున్నారో వాళ్ళను అడిగి, సరేనంటే తీసి, కింద పేరూ ఊరూ రాయండి. వద్దంటే ఖాళీ దస్తర్ఖాన్‌నో, మీ మసీదు వజూ హౌజునో, గల్లీ చివర హలీం బట్టీనో తీయండి. పది నిమిషాల పని రెండు గంటలవుతుంది. సభ సాయంత్రం కదా, ముందురోజే మొదలుపెట్టండి.