లక్షెట్టిపేట దాటాక గేరు తగ్గించండి

సముద్రం లేని జిల్లాల వాళ్లం. నీళ్ల వెంట బండి నడపాలని మనసైతే మాకు గోదావరే తీరం. పొద్దున్నే కరీంనగర్‌లో బయలుదేరి జగిత్యాల, ధర్మపురి మీదుగా రాయపట్నం వంతెన దాటితే పాత ఆదిలాబాద్ జిల్లా. అక్కడినుంచి లక్షెట్టిపేట, దండేపల్లి, జన్నారం, కడెం. ఉత్తర తెలంగాణలో ఇంతకంటే మంచి దారి లేదని నా పట్టుదల.

అయితే చిన్న తిరకాసు ఉంది. నది పక్కనే ఉంటుంది, కనిపించదు. ఎడమచేతి వైపు వరి మళ్లు, వాటిలో కొంగలు, అంతే. గూడెం దగ్గర ఆగి, సత్యనారాయణస్వామి భక్తులు స్నానాలకు దిగే రేవు దాకా పోతేగానీ గోదావరి దొరకదు. ఎనభైలో పోయేవాడికి ఈ దారి మామూలు రోడ్డే.

జన్నారం వచ్చేసరికి అడవి రోడ్డు మీదికే వచ్చేస్తుంది. 2012లో టైగర్ రిజర్వ్ అయిన కవ్వాల్ ఇదే. పులి మీద ఆశ పెట్టుకోవద్దు. మహారాష్ట్ర నుంచి వచ్చే పులులు ఎక్కువగా కాగజ్‌నగర్ వైపు అడవుల్లోనే తిరుగుతున్నాయి. దుప్పులు, నీలుగాయిలు, అడవిపందులకు మాత్రం కొదవ లేదు. పచ్చగా ఉంటుంది, వానాకాలంలో పొమ్మని అందరూ అంటారు. నేనొప్పుకోను. ఫాల్గుణంలో టేకు ఆకు రాల్చాక చూపు అడవి లోపలిదాకా పోతుంది. ఇంజన్ ఆపితే ఎండిన టేకాకు అప్పడంలా విరగడం వినిపిస్తుంది. ఎలుగుబంటే అనుకుని గుండె చిక్కబట్టుకుంటాం. తీరా పొదలోంచి బయటికొచ్చేది అడవికోడి!

దుప్పి రోడ్డు దాటగానే బండి కదపకూడదని నాకు చెప్పింది జన్నారంలో సఫారీ జీపు నడిపే డ్రైవర్. "ఆగున్రి సార్, ఒక్కటి దాటిందంటే ఎనుక మంద ఉంటది" అన్నాడు. అన్నట్టే తల్లి వెనక పిల్ల, దాని వెనక ఇంకో రెండు. చివరిది రోడ్డు నడుమ నిలబడి, చెవులు మావైపు తిప్పి, ముందుకాలు ఒకసారి నేలకేసి కొట్టి మరీ పోయింది. అద్దం దించి కోతులకు బిస్కెట్లు విసిరేవాళ్లను చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది. తిండికి అలవాటుపడ్డ కోతి రోడ్డు వదలదు, ఏదో ఒక లారీ కింద పడుతుంది.

కడెం ప్రాజెక్టు కట్ట మీదికి ఎండ వాలే వేళకు చేరాలి. చుట్టూ గుట్టలు, మధ్యలో నీళ్లు, కళ్లు తిప్పుకోలేం. కానీ ఇవి నెమ్మదైన నీళ్లు కావు. 1958 వరదకు కట్ట తెగింది. 2022 జూలైలో 5 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. గేట్లు వదలగలిగేది సుమారు 3 లక్షలే, పైగా 18 గేట్లలో ఒకటి మొరాయించింది. నీళ్లు గేట్ల పైనుంచి దూకాయి. మరుసటి ఏడాది జూలైలోనూ అదే కథ. అందుకే ఇక్కడ ఎవరితో మాట కలిపినా రెండో మాటకే గేట్ల రిపేరు దగ్గరికి వస్తారు.

ఖానాపూర్ మీదుగా నిర్మల్ పోయేవాళ్లు వెలుతురుండగానే కదలండి. చీకటి పడ్డాక దుప్పులు రోడ్డెక్కుతాయి.