తాళం తిప్పగానే 140 డిగ్రీలు

కార్తీక సోమవారం. ద్రాక్షారామంలో సప్తగోదావరి పుష్కరిణి మెట్ల మీద దీపాలు ఇంకా కొండెక్కలేదు. పంచారామాల యాత్ర ఇక్కడి నుంచి మొదలుపెడదామని ముందురోజు రాత్రే వచ్చి సత్రంలో దిగిన కుటుంబం భీమేశ్వరుడి గుడికి వెళ్లింది. వాళ్లను తెచ్చిన అద్దె కారు మాత్రం మొరాయించింది. తాళం తిప్పితే చాలు, ఇంజిన్ స్టార్టు కాకముందే రేడియేటర్ ఫ్యాను హోరెత్తిపోతోంది. మీటర్లో ముల్లు ఎర్రగీత దాటింది. చెక్ ఇంజిన్ లైటు వెలుగుతోంది.

రోడ్డు పక్క రేకుల షెడ్డు నుంచి మెకానిక్ గారు కేకేశారు: “స్టార్టు చేయకండి. తోసుకొచ్చేయండి.”

నేనూ ఒక చెయ్యి వేశాను. నాలుగడుగుల దూరానికి ఈ తోపుడు ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

“రాత్రి ఎప్పుడు ఆపేరండీ?”

“తొమ్మిదికి. ఆయ్, మళ్లీ కదల్లేదండి.”

ఆయన పైహోసు మీద అరచెయ్యి పెట్టి చూశారు. చల్లగా ఉంది. ట్యాంకులో కూలెంట్ గీత వరకూ ఉంది. అప్పుడు స్కానర్ తగిలించారు. తెర మీద రెండు అంకెలు చూపించారు నాకు. లోపలికి పీల్చే గాలి 29 డిగ్రీలు. కూలెంట్ 140 డిగ్రీలు.

“రాత్రంతా పడుకున్న బండిలో ఈ రెండూ కవలపిల్లల్లా ఉండాలండి. చల్లగా ఉన్నప్పుడే అడగాలి దీన్ని. వేడెక్కాక అబద్ధం కూడా నిజంలాగే కనబడుతుంది.”

తోయమన్నది అందుకు. స్టార్టు చేసి తెచ్చుంటే ఆ సాక్ష్యం చెరిగిపోయేది.

కూలెంట్ వేడిని కొలిచే సెన్సార్ అంటే ఇత్తడి తొడుగులో చిన్న థర్మిస్టర్ గింజ. వేడి పెరిగేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. వెండి సల్ఫైడుకు ఈ గుణం ఉందని మైకేల్ ఫారడే 1833లోనే గమనించాడు. చాలా బళ్లలో వాడే రకానికి 20 డిగ్రీల దగ్గర సుమారు 2,500 ఓమ్‌లు ఉంటుంది, 80 దగ్గర 320, నూటికి చేరేసరికి 200 లోపు. బండి కంప్యూటరు, అంటే ఈసీఎం, తన లోపలి రెసిస్టర్ గుండా ఐదు వోల్టులు పంపి, తీగ మీద ఎంత మిగిలిందో చూసి వేడి లెక్కగడుతుంది.

చిక్కంతా ఇక్కడే. ‘నేను పాడయ్యాను’ అని చెప్పడానికి సెన్సారుకు వేరే భాష లేదు. తీగ తెగితే ఐదు వోల్టులూ అలాగే నిలిచిపోతాయి, ఈసీఎం దాన్ని మైనస్ 40 డిగ్రీల చలి అనుకుంటుంది. తీగ బాడీకి తగిలి షార్ట్ అయితే వోల్టేజీ సున్నాకి పడిపోతుంది, అదేమో ఇంజిన్ మాడిపోతున్నట్టు కనిపిస్తుంది. పాపం ఈసీఎం ఫ్యాను వేసి ప్రాణం కాపాడదామని చూస్తుంది.

స్కానర్ ఇచ్చిన కోడు పీ0117. కూలెంట్ టెంపరేచర్ సర్క్యూట్‌లో వోల్టేజీ తక్కువ అని దానర్థం. సెన్సార్ మార్చమని కాదు. సర్క్యూట్ అంటే సెన్సారూ, కప్లరూ, తీగలూ, ఈసీఎమ్మూ, అన్నీ. రెండు రోజుల కిందట దారిలో ఎవరో ఆ కోడు చూడగానే కొత్త సెన్సార్ బిగించి డబ్బు పుచ్చుకున్నారట. కొన్నాళ్లుగా వస్తూ పోతూ ఉన్న జబ్బు ఇప్పుడు స్థిరపడింది.

మెకానిక్ గారు ఏదీ మార్చలేదు. సెన్సార్ కప్లర్ ఊడదీసి తెర వైపు చూశారు. దోషం సెన్సార్‌దే అయితే అంకె మైనస్ 40కి దూకాలి. కదల్లేదు, 140 దగ్గరే ఉంది. ఒక్క కప్లర్ పీకడంతో సెన్సార్ నిర్దోషి అని తేలింది. ఇక తీగైనా కావాలి, ఈసీఎమ్మైనా కావాలి.

భీమేశ్వర లింగం రెండంతస్తుల ఎత్తు. కింద ఒకసారి, మెట్లెక్కి పైన మరోసారి దర్శించాలి. ఈయనా ఆ తీగను అలాగే చూశారు. ఇంజిన్ దగ్గరి కొస అయింది, ఇక రెండో కొస. తాళం తీసి, బ్యాటరీ మైనస్ విప్పి, ఈసీఎం కప్లర్ కూడా ఊడదీశారు. ఇప్పుడు ఆ తీగ రెండు కొసలా ఏకాకి. దానికీ బాడీకీ మధ్య మల్టీమీటర్ ఏమీ చూపకూడదు. రెండు ఓమ్‌లు చూపించింది. ఈసీఎం కూడా బయటపడింది. దొంగ దారి మధ్యలో ఉన్నాడు.

మీటరును బీప్ మీద పెట్టి బానెట్ అంచున ఆనించారు. అది కుయ్యిమంటూనే ఉంది. అప్పుడు రెండు చేతులతో వైరింగ్ కట్టను జానెడు జానెడు చొప్పున ఎత్తుతూ, మెల్లగా తిప్పుతూ వెళ్లారు. కళ్లు కట్ట మీద లేవు, ఎక్కడో షెడ్డు కప్పు వైపు ఉన్నాయి. ఆ పరీక్ష చెవితో చేసేది. ఇంజిన్ వెనక ఒక ఇనప బ్రాకెట్ దగ్గర కట్ట పైకెత్తగానే బీప్ ఆగింది. వదిలితే మళ్లీ మొదలు.

“దొరికేడండి.”

క్లిప్పు విరిగి కట్ట జారింది. ఇంజిన్ అదిరినప్పుడల్లా బ్రాకెట్ అంచు టేపును, తర్వాత తొడుగును కోసుకుంటూ వచ్చింది. బియ్యపు గింజంత మేర రాగి మెరుస్తోంది.

దాని మీద టేపు చుట్టి పంపేయవచ్చు. ఆయన దెబ్బతిన్న ముక్క కత్తిరించి, అదే మందం తీగ కొత్తది కలిపి, టంకం వేసి, స్లీవ్ తొడిగి వేడితో బిగించారు. పక్క తీగలనూ ఒక్కొక్కటే వేళ్ల మధ్య నడిపి చూశారు. అన్నీ తిరిగి కలిపి తాళం వేస్తే ఫ్యాను మౌనం. కూలెంట్ 30 డిగ్రీలు. కోడు చెరిపి, స్టార్టు చేసి, ఇంజిన్ వేడెక్కేదాకా కట్టను కుదుపుతూనే ఉన్నారు. అంకె మెట్టుమెట్టుగా 90 దాకా ఎక్కింది, ఎక్కడా తుళ్లలేదు. ఫ్యాను తన వేళకు తిరిగి, తన వేళకు ఆగింది.

ఈలోగా డిక్కీలో పడున్న పాత సెన్సార్ తెప్పించారు. టీకొట్టు నుంచి స్టీలు గ్లాసుడు వేణ్నీళ్లు వచ్చాయి. మీటరు వైర్లు తగిలిస్తే ముందు 1,700 ఓమ్‌లు. నీళ్లలో ముంచగానే అంకె జరజరా దిగి మూడొందల చిల్లర దగ్గర నిలబడింది.

“ఇది మంచిదే. దాచుకోండి,” అని డ్రైవరు చేతిలో పెట్టారు.

2020 ఏప్రిల్ నుంచి దేశంలో అమ్మే కొత్త బళ్లన్నీ బీఎస్-6. సెన్సార్లు పెరిగాయి, కోడు చదివే యంత్రాలు ప్రతి షెడ్డుకూ వచ్చాయి. అంకెను నమ్మే ముందు హోసు మీద చెయ్యి పెట్టే మనిషి మాత్రం ఆ యంత్రంతో పాటు రాడు.

యాత్రికులు ప్రసాదం పొట్లాలతో వచ్చేశారు. డ్రైవరు బానెట్ దించబోయాడు. “ఆగండాగండి,” అంటూ మెకానిక్ గారు ఆకురాయి తెచ్చి, మరో ఐదు నిమిషాలు వంగి, ఆ బ్రాకెట్ అంచును నున్నగా రాశారు. వేలితో తడిమి చూసుకుని, మళ్లీ రెండుసార్లు రాశారు. బిల్లులో దానికి పైసా వేయలేదు.