బుడగ కలిసిపోయే క్షణం
తిరుమల ఘాట్ రోడ్డులో కొండచరియను చూసినప్పుడల్లా నాకు రాయి కోసే చేతులు గుర్తొస్తాయి. 150 కోట్ల ఏళ్లకు పైబడిన ఈ నగరి క్వార్ట్‌జైట్ అనే రాయి ఒకప్పుడు వట్టి ఇసుక. ఎంత లోతున పూడిందో, ఎంత వేడి చూసిందో ఆ చేతులే తేల్చాలి. ముక్కను వజ్రపు రంపంతో కోసి, గాజుపలకకు అంటించి, 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీస్తారు. పోలరైజింగ్ మైక్రోస్కోపులో రాయిలోని క్వార్ట్జ్ ఖనిజం పసుపుగా కనబడితే ఇంకా మందమే. బూడిదరంగుకు తిరిగిందా, చెయ్యి ఆపాలి. పాత ఇసుక రేణువు చుట్టూ సన్నని దుమ్ముగీత, దానిపైన కొత్తగా పెరిగిన స్ఫటికం. ఎంత అందమో! మరో మందపాటి, నునుపైన ముక్కలో ఆ స్ఫటికంలో చిక్కిన నీటిబొట్టును వెతుకుతారు. బొట్టులో ఒక బుడగ. మెల్లగా వేడిచేస్తూ కన్నార్పకుండా చూస్తారు. బుడగ నీటిలో కలిసిపోగానే డిగ్రీలు రాసుకుంటారు. బొట్టు చిక్కిననాడు రాయి కనీసం అంత వేడిగా ఉండేదన్నమాట. వెంటనే ఇంకో బొట్టు కోసం మళ్లీ వంగుతారు.