పొర – పాఠము

సురవరము ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949) కావ్యములనుండి జనజీవనమును వెలికిదీసిన ఉత్తమగ్రంథము. అయినను కవి వర్ణించిన కుండ తన కాలపుదో, పూర్వకవుల వర్ణనలనుండి వచ్చినదో పద్యమొక్కటియే తేల్చజాలదు. నేలను కూడ అడుగవలెను.

తార్నాక చెంతనున్న ఉస్మానియా విశ్వవిద్యాలయమున పురావస్తుశాఖ కలదు. తెలుగు పరిశోధకులచట ప్రాథమిక విధానము నేర్వవలెనని మా అభిప్రాయము. త్రవ్వకమున దొరకిన పెంకులను గుంట, పొర, లోతు వ్రాసిన సంచిలో నుంచవలెను; పరిశోధనాలయమున కడిగి, ఆరబెట్టి, సిరాతో సంఖ్య వేసి, అంచు ఆకృతిని గీయవలెను. పొర తెలియని పెంకు మాతృక తెలియని పాఠభేదము వంటిది.

భేదమొక్కటి కలదు. తాళపత్రమును మరల చదువవచ్చును. త్రవ్విన పొరను మరల త్రవ్వలేము. అచట తొలి వ్రాతయే తుది ఆధారము.