తెరమీది భయము, ఊరిలోని అనుమానము

గంభీరావుపేటలో నలుగురు సినిమా ప్రియులు ఒకచోట చేరి, దయ్యముల సినిమాలలో ఏది గొప్పదని మాట మొదలుపెట్టినారనుకొందము. ఒకరు "రాత్రి" పేరు చెప్పుదురు. మరొకరు "అరుంధతి"కి సాటి లేదందురు. వారిలో చిన్నవాడు "మసూద" చూచిన నాడు దీపము ఆర్పకుండ పడుకొన్నానని ఒప్పుకొనును. "విరూపాక్ష" మాట రాగానే సంభాషణ సినిమాను దాటి, ఏ పల్లెలో ఎవరికి బాణామతి చేసినారో అక్కడికి పోవును. అంతవరకు వాదమంతయు ఒక్క కొలతమీదనే నడచినది: ఏది ఎక్కువ భయపెట్టినది? ఈ కొలత ఒక్కటే చాలునా?

భయపెట్టుట అన్నపుడు రెండు వేరు పనులను మనము ఒకే పేరుతో పిలుచుచున్నాము. హఠాత్తుగా పెద్ద చప్పుడైనపుడు ఉలికిపడుట ఒకటి. ఇది మెదడు అడుగుభాగమునుండి పుట్టు ప్రతిక్రియ. ఆలోచనతో దీనికి పనిలేదు. చప్పుడు చెవిని తాకిన తరువాత సెకనులో ఇరవయ్యవ వంతు లోపుననే కనురెప్ప వాలుట మొదలగును. దయ్యములు లేవని తరగతిలో బోధించు భౌతికశాస్త్రోపాధ్యాయుడు కూడ కుర్చీలో ఎగిరిపడక తప్పదు. కాబట్టి డప్పుమీద దెబ్బవంటి శబ్దముతో ప్రేక్షకుని అదరగొట్టిన దర్శకుని గొప్పవాడనుట, మోకాలిచిప్ప క్రింద సుత్తితో తట్టి కాలు ఎగిరించినవానిని గొప్ప వైద్యుడనుట వంటిది.

రెండవది, ఏదో జరుగబోవుచున్నదని లోలోపల పెరుగు శంక. దీనికి కాలము కావలెను, ప్రేక్షకుని ఊహయు కావలెను. 1942లో అమెరికాలో వచ్చిన "క్యాట్ పీపుల్" చిత్రములో ఒక స్త్రీ రాత్రివేళ ఒంటరిగా వీధివెంట నడచుచుండును. వెనుకనుండి వచ్చు అడుగుల చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోవును. ఆమె పరుగెత్తును. క్రూరమృగము మీద దూకినదా అన్నట్లు బుస్సుమని ఒక శబ్దము! వచ్చినది ఊరి బస్సు. తెరమీద మృగము కనబడనే లేదు. మన ఆర్టీసీ బస్సు ఆగునపుడు బ్రేకులలోని గాలి చేయు బుసను ఎరిగినవారికి ఈ కిటుకు చక్కగా బోధపడును. చిత్రనిర్మాత వాల్ లూటన్ చేసిన ఈ యుక్తికి సినిమావారిలో "బస్సు" అనియే పేరు నిలిచినది.

ఇక్కడ పనిచేసినది బస్సు చప్పుడు మాత్రమే కాదు, దానికి ముందున్న నిశ్శబ్దము. సిరిసిల్ల మరమగ్గముల నడుమ పనిచేయువారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కర లేదు. ఎడతెగని మోతకు చెవి అలవాటుపడును. మగ్గము ఆగినపుడే అదిరిపడి చూతురు. ఆరంభమునుండి చివరివరకు మోత మోగించు దయ్యపు సినిమాలు మన భాషలో చాల ఉన్నవి. వాటివలన తలనొప్పియే మిగులును.

రాంగోపాల్ వర్మ 1992లో తీసిన "రాత్రి" ఈ లెక్కలో నేటికిని మెచ్చదగినది. రేవతి నటించిన ఆ చిత్రములో కెమెరాయే ఒక అదృశ్యప్రాణివలె నేలకు దగ్గరగా ప్రాకుచు మనుష్యుల వెంటబడును. ఏమి వచ్చుచున్నదో మనకు చూపరు, వచ్చుచున్నదాని కన్నులతో మనమే చూతుము. కథ పలుచనిది, తాంత్రికుడు ప్రవేశించిన తరువాత మరీ పలుచనగును. అయినను ఆ కెమెరా నడకను మరువలేము.

కోడి రామకృష్ణ "అరుంధతి" (2009) దీనికి పూర్తిగా విరుద్ధము. దాచుట దానికి తెలియదు, సర్వమును చూపును. దాని బలమంతయు పశుపతి కంఠములో ఉన్నది. సోనూసూద్ రూపమునకు పి. రవిశంకర్ ఇచ్చిన ఆ గొంతును తీసివేసి చూచినచో మిగులునది బొమ్మలకొలువే. కర్కశధ్వని ఏల గుండెను పట్టునన్న విషయమున ఒక ముచ్చట కలదు. మార్మట్ అను కొండ ఉడుతలను పరిశోధించు డేనియల్ బ్లూమ్‌స్టీన్, పట్టుబడిన వాటి పిల్లల అరుపులు వినువారిని కలవరపెట్టుట గమనించెను. ఆయనయు సహచరులును 2010లో సినిమా శబ్దములను విశ్లేషించి, భయానక చిత్రములలో అట్టి చెదిరిన, గరుకైన అరుపులు ఎక్కువగా ఉన్నవని ప్రకటించిరి. పిల్ల ఆపదలో ఉన్నదని తెలుపు ధ్వనిని విని ఊరకుండు తల్లి లేదు గదా.

"మసూద" (2022)లో పిల్ల నాజియా, తల్లి నీలం, పిరికివాడైన పొరుగింటి గోపి ముందుగా మనకు అయినవారగుదురు. పిల్ల నడవడి మారుట తల్లి కన్నులలో కనబడుచుండగా భయము మెల్లగా ఎక్కును. పూర్వకథ విప్పుట మొదలుపెట్టిన తరువాత అది సడలినది.

ఇంతవరకు చెప్పినది పనితనము. అసలు చిక్కు వేరొకచోట ఉన్నది. "రాత్రి" చూచినవాడు రెండు దినములు పిల్లిని చూచి జంకునేమో. పిల్లికి దానివలన నష్టము లేదు. పొరుగింటివానిని చూచి జంకినచో? గంభీరావుపేటకు ఎంతో దూరము కాని జగిత్యాలలో, 2022 జనవరిలో, మంత్రములు చేయుచున్నారన్న అనుమానముతో ఒకే కుటుంబములోని తండ్రిని, ఇద్దరు కుమారులను చంపినారు. అది తెర కాదు.

కార్తీక్ వర్మ దండు "విరూపాక్ష" (2023) ఈ క్రూరత్వమును ఎరుగని చిత్రము కాదు. పిల్లల చావులకు కారకులని ఒక దంపతులను ఊరివారు కట్టి కాల్చుటతోనే కథ మొదలగును. ఆ ఘట్టము చూచువారికి ఒళ్ళు జలదరించును, అట్లే తీసినారు. కాని పండ్రెండేండ్ల తరువాత ఆ స్త్రీ శాపము ప్రకారమే ఊరిలో చావులు మొదలగును. కాల్చుట తప్పని చెప్పిన నోటితోనే, ఆ శక్తి మాత్రము నిజమని చిత్రము ఒప్పుకొన్నది. అట్లయిన ఊరివారి తప్పు తొందరపాటు మాత్రమేనా? బిగువుగా అల్లిన కథ కాబట్టియే ఈ మెలిక ప్రేక్షకునికి కనబడదు. చేతబడిని ఒక చేతిపనివలె చూపిన "మా ఊరి పొలిమేర" (2021)లో మాటతీరు, మనుష్యులు మరింత సహజముగా ఉన్నారు. అందుచేత అబద్ధము మరింత సులువుగా లోపలికి దిగును.

నెత్తురు కారు నిమ్మకాయ వంటివానికి సమాధానము బడిలోనే ఉన్నది. మందారపురేకలు రుద్దిన కత్తితో నిమ్మకాయ కోసిన, ఆమ్లము తగిలి రసము ఎర్రబారును. విద్యార్థులు చేసి చూడవచ్చును. అనుమానము మాత్రము ఇంత తేలికగా రంగు మార్చదు.

నలుగురి వాదములో "చంద్రముఖి" (2005) పేరు సాధారణముగా రాదు, అది దయ్యపు సినిమాయే కాదందురు. మలయాళమున 1993లో వచ్చిన "మణిచిత్రతాళు" కథకు అది మరొక రూపము. అందులో చూపిన చికిత్స వైద్యగ్రంథములలోనిది కాదు, రోగవర్ణనయు అతిశయమే. కాని ఆ భవనములో వింతలు జరుగుచుండగా ఇంటివారి అనుమానము మొదట దుర్గ అను పిల్ల మీదికి పోవును. చూచువారమును ఆమెనే అనుమానింతుము. మానసికవైద్యుడు జరిగినవానిని ఒక్కొక్కటిగా పరిశీలించి, కారణము వేరొకచోట ఉన్నదని తేల్చును. దుర్గ ఏ దెబ్బయు తినకుండ ఆ ఇంటిలోనే ఉండును.